పది లెక్కపెట్టేదాకా

పదహారేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని పట్టుకుని, వారం రోజులు కూర్చుని పాఠం చెప్పడం నేర్చుకోమన్నారు. ఆ వానాకాలం మొత్తంలో నాకు బాగా గుర్తున్నది ఆ వారమే. విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం, రెండేళ్ళ కాంట్రాక్టు, కుటుంబంతో వస్తే రెండు గదుల క్వార్టరు. సోమవారం నుంచి శనివారం దాకా ట్రైనింగ్. శనివారం ఆఖరి డెమో క్లాసులో గట్టెక్కితే కాంట్రాక్టు మీద సంతకం, లేకపోతే వచ్చిన దారినే ఇంటికి.

గట్టెక్కడం గురించి నాకే బెంగా లేదు. ఇంట్లో అన్నీ సిద్ధం చేసే వచ్చాను. మా ఆయన ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తారు. ఆయన రాజీనామా ఉత్తరం నేనే రాసి సొరుగులో పెట్టాను. శనివారం సాయంత్రం నేను ఫోన్ చెయ్యగానే తీసుకెళ్ళి ఇవ్వడమే ఆయన పని. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. అక్కడి స్కూల్లో దాని సీటు కోసం ఉత్తరాలు నేనే నడిపాను, అది తీసుకోబోయే సబ్జెక్టులూ నేనే ఎంచాను. బీరువా ఎవరికివ్వాలో, కుట్టుమిషను ఎవరికివ్వాలో చీటీలు రాసి అంటించాను. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి, అమ్మాయిది ఆయన పోలికే. ఇంట్లో ఎవరో ఒకరు నోరు తెరవాలి కదా, అందుకని నేను తెరిచేదాన్ని.

ఇంత వయసులో ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానంటే, మా స్కూల్లో నాకంటే ఆరేళ్ళు వెనక చేరినావిడకు హెడ్మిస్ట్రెస్ పదవి కట్టబెట్టారు. రిజిస్టరులో నా పేరు ఎదురుగా ఆవిడ ఎర్ర సిరాతో టిక్కు పెడుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

ట్రైనింగ్ సెంటరు కళ్ళద్దాల దుకాణం పైన రెండో అంతస్తు. మెట్ల దగ్గర తడిసిన గొడుగులు పెట్టడానికి ఒక ప్లాస్టిక్ బకెట్టు. లోపల రాసుకునే పలక బిగించిన కుర్చీలు పన్నెండు, వాటిలో సగం ఊగుతాయి. బోర్డు మీద పాత అక్షరాలు ఎంత తుడిచినా పోవు, వాటి మీదే కొత్తవి రాయాలి. ఏసీ నుంచి కారే నీళ్ళ కింద ఒక గిన్నె పెట్టారు, పాఠం జరుగుతున్నంతసేపూ అది టప్‌టప్‌మంటూనే ఉంటుంది. పాఠం చెప్పడం నేర్పించే చోటు మరి!

వచ్చినవాళ్ళు పదకొండు మంది. రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన, గొంతు పెంచితే ఇంగ్లీషు వచ్చేసినట్టే అనుకుంటాడు. కొత్తగా డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు నలుగురైదుగురు, టీచరు ఉద్యోగమంటే విమానం టిక్కెట్టు అనుకునే బాపతు. నాకు రూమ్మేటుగా తగిలిన పిల్ల కళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. మాకిచ్చిన బస గదిలో అడుగుపెట్టగానే నవ్వింది, నేను పెట్టె తెరుస్తుంటే నవ్వింది, కుళాయిలో నీళ్ళు రాకపోయినా నవ్వింది. మనసులో దానికి నవ్వులపిల్ల అని పేరు పెట్టుకున్నాను.

"మీరు పదహారేళ్ళ నుంచి టీచరా అక్కా? అమ్మో! నాకైతే భయంగా ఉంది. నా ఇంగ్లీషు అంతా, ప్లీజ్ సిట్, డాక్టర్ కమింగ్, అంతే."

"అది వినగానే తెలుస్తోందిలే," అన్నాను.

దానికీ నవ్వింది.

ఇక ట్రైనర్. ముప్పై నిండని మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా, మెడలో స్టాప్‌వాచ్. పరుగుపందేలు పెట్టే డ్రిల్లు మాస్టారు దారి తప్పి వచ్చాడేమో అనుకున్నాను. ఆయనకు గడియారం అని పేరు పెట్టాను.

సోమవారం పొద్దున గడియారం లోపలికొస్తూనే మాకెవరికీ తెలియని భాష మొదలుపెట్టాడు. ఏ దేశపు భాషో ఇప్పటికీ నాకు తెలియదు. నమస్కారం కూడా అందులోనే. చెంచా ఎత్తి చూపించి ఒక మాట, కప్పు చూపించి ఒక మాట, తాళంచెవికి ఇంకో మాట. రెండుసార్లు చెప్పి, మాతో చెప్పించి, ఉన్నట్టుండి చెంచా నా ముఖం ముందు పట్టుకుని ప్రశ్న అడిగాడు.

నాకు రాలేదు. నాలిక చివరనే ఉంది, కానీ రాలేదు. ఆయన పక్కవాళ్ళను అడగలేదు, మాట అందించలేదు, ముఖం చిట్లించనూ లేదు. చెంచా పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు. గిన్నెలో నీటిబొట్లు పడుతున్నాయి. పదిమంది నా వైపే చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. తల కొట్టేసినట్టయింది. చివరికి ఏదో కూడబలుక్కుని సగం మాట అన్నాను. ఆయన తలూపి, పెద్ద ఘనకార్యం చేసినట్టు చిరునవ్వు నవ్వి, బ్యాంకు మేనేజరు వైపు తిరిగాడు.

నలభై నిమిషాలయ్యాక మా భాషలోకి దిగొచ్చాడు.

"ఇప్పుడు మీకు ఎలా అనిపించిందో, మీ ముందు కూర్చునేవాళ్ళకు రోజూ అలాగే ఉంటుంది. అందుకని నా రూల్ ఒక్కటే. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. పది అయ్యేదాకా నోరు తెరవకండి. తక్కినవన్నీ పుస్తకంలో ఉన్నాయి, చదువుకోవచ్చు. ఇది మాత్రం చదివితే రాదు."

నేను ఊరుకోలేదు. "పది లెక్కపెట్టేలోగా మా పిల్లలు బెంచీలెక్కి తొక్కుతారు సార్."

అందరూ నవ్వారు.

"ఎక్కనివ్వండి మేడమ్. దిగుతారు కదా," అన్నాడు.

ఇంగ్లీషు వ్యాకరణం గురించి ఒక్క ముక్క లేదు, ఉచ్చారణ గురించి లేదు. నోరు మూసుకోవడం నేర్పడానికి ఒక ట్రైనింగట, దానికొక సర్టిఫికెట్టట. ఇలాంటివాళ్ళకు జీతాలిచ్చే కంపెనీ మీద కూడా జాలేసింది.

ఆ సాయంత్రం ఏడింటికి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మాయి ఎత్తింది.

"తిన్నారా? ఏం తింటారులే, మీ నాన్న గుడ్లు కొట్టి పోసుంటారు. బట్టలు లోపలికి తెచ్చారా? మబ్బు పట్టి ఉంటుంది అక్కడ."

"తెచ్చాం. అమ్మా, నేను..."

"చార్జరేగా? అల్మారా రెండో అరలో, నీలం సంచిలో ఉంది. మొన్నే చెప్పాను."

"అది కాదు, నాకూ..."

"స్కూల్లో టీసీ అడిగావా? మీ క్లాస్ టీచరు సణుగుతుంది, పట్టించుకోకు. నేనొచ్చాక మాట్లాడతాను. నాన్నకివ్వు."

ఆయన తీసుకున్నారు. "ఎలా ఉంది అక్కడ?" అన్నారు. ఎలా ఉందో ఇరవై నిమిషాలు చెప్పాను. బకెట్టు, గిన్నె, చెంచా, గడియారం, నవ్వులపిల్ల, ఒక్కటీ వదల్లేదు. ఆయన ఊఁ కొట్టారు. పక్క మంచం మీద నవ్వులపిల్ల బట్టలు మడతపెడుతూ ఉంది. నేను ఫోన్ పెట్టేశాక, "మీవారు చాలా మంచివారు అక్కా, ఎంత ఓపిగ్గా విన్నారో!" అంది. ఎందుకన్నదో గానీ నాకు నచ్చలేదు.

బుధవారం మొదటి డెమో. పాఠం వినడానికి బయట నుంచి నిజమైన విద్యార్థుల్ని పిలిపించారు. సందులో దర్జీ, ఆసుపత్రి ఆయా ఒకామె, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, సిటీ బస్సు డ్రైవరు ఒకాయన. ఖాకీ చొక్కా మీదే వచ్చాడాయన, డ్యూటీ దిగి. యాభై ఉంటాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

నా పాఠం చూస్తే ఎవరైనా చప్పట్లు కొట్టాల్సిందే. బోర్డు మీద నిలువు గీత, అడ్డగీత, బొమ్మలు, రంగులు. గొంతు చివరి కుర్చీ దాకా ఖంగున వినిపిస్తుంది. నిన్న మీరేం చేశారు అన్నది ఆ రోజు పాఠం. ఇంగ్లీషులోనే డ్రైవరును అడిగాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఎస్టర్‌డే..." అన్నాడు. పైకి చూశాడు. "ఎస్టర్‌డే, మై వైఫ్..."

"వెంట్ టు మార్కెట్?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "మై వైఫ్..."

"కుక్డ్ డిన్నర్! వెరీ గుడ్. ఎస్టర్‌డే మై వైఫ్ కుక్డ్ డిన్నర్. అందరూ చెప్పండి."

అందరూ చెప్పారు. డ్రైవరు కూడా చెప్పాడు. తలూపి కూర్చున్నాడు. చక్కగా వచ్చింది కదా, నేను ఆయాను అడగడానికి వెళ్ళిపోయాను. గంట మోగే వేళకు బోర్డు నిండా తప్పుల్లేని వాక్యాలు తొమ్మిది. నా చెయ్యి అంత అందంగా ఎప్పుడూ తిరగలేదు.

విద్యార్థులు వెళ్ళాక గడియారం నా ఎదురుగా కూర్చున్నాడు.

"నలభై నిమిషాల క్లాసులో మీరు ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడారు మేడమ్."

"టీచర్ని కదా సార్. మరి ఎవరు మాట్లాడాలి?"

"మీరు అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది ఎంతో తెలుసా? రెండు సెకన్లు. అదీ మార్కరు కింద పడ్డప్పుడు."

నవ్వులాటకు అన్నాడనుకున్నాను. ఆయన నవ్వడం లేదు.

"బోర్డు మీద తొమ్మిది వాక్యాలు ఉన్నాయి, అన్నీ కరెక్టే. కానీ అవన్నీ మీవే. ఇలాగైతే శనివారం నేను సంతకం పెట్టలేను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్టాప్‌వాచ్ కొనుక్కుంటే చాలు, ఎవరైనా ఎవరికైనా పాఠం చెప్పొచ్చన్నమాట! నా చేతి కింద చదివిన పిల్లలు ఈ గడియారం కంటే మంచి ఇంగ్లీషు మాట్లాడతారు. ఇన్ని మాటలూ నోటిదాకా వచ్చాయి. రెండు అనేశాను కూడా. ఆయన విన్నాడు. నేను అలిసిపోయేదాకా విని, "శనివారం మళ్ళీ ఇదే పాఠం చెప్పండి," అని లేచాడు.

మర్నాడు నవ్వులపిల్ల వంతు. వెనక వరుసలో కూర్చుని చేతులు కట్టుకున్నాను. పాపం, బోర్డు మీద గీత కూడా తిన్నగా రాలేదు. మాట మాటకూ జుట్టు వెనక్కి తోసుకుంటుంది. ఇంగ్లీషులో పడుతూ లేస్తూ వచ్చి, అదే ప్రశ్న అదే డ్రైవర్ని అడిగింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఎస్టర్‌డే... మై వైఫ్..."

పైకి చూశాడు. నవ్వులపిల్ల నోరు తెరవలేదు. కళ్ళ డాక్టరు గది బయట పేషెంట్లను చూసి చూసి అలవాటేమో, నిలబడి ఆయన వైపే చూస్తూ ఉంది. గిన్నెలో చుక్కలు పడుతున్నాయి. నాకు గొంతులో దురద మొదలైంది. అయిదు, ఆరు, ఏడు. ఏదో ఒకటి అందించవే అని కుర్చీ పలక మీద వేళ్ళతో కొట్టాను. గడియారం నా వైపు చూశాడు. ఎనిమిది, తొమ్మిది, పది.

"మై వైఫ్ వాక్," అన్నాడు డ్రైవరు. "ఫోర్ మంత్ బెడ్. ఎస్టర్‌డే, వాక్. బెడ్ టు డోర్."

మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా అని చేత్తో చూపించాడు. చూపించిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ఆసుపత్రి ఆయా వెనక నుంచి "అయ్యో నా తల్లీ" అంది. దర్జీ లేచి ఆయన భుజం తట్టాడు. నవ్వులపిల్ల మొదటిసారి నవ్వలేదు. దాని కళ్ళలో నీళ్ళు.

నేను మాత్రం, వాక్ కాదు, వాక్డ్, అనుకుంటూ కూర్చున్నాను. నిజంగా అదే అనుకున్నాను. ఆ వెంటనే బుధవారం ఆయన తలూపి కూర్చోవడం గుర్తొచ్చింది. నాలుగు నెలలుగా మంచం దిగని మనిషి చేత నేను వంట చేయించాను, అందరితో చెప్పించాను. ఆయన కూడా చెప్పాడు, నన్ను నొప్పించడం ఎందుకనేమో.

గది ఖాళీ అయ్యాక నవ్వులపిల్ల నా దగ్గరకొచ్చింది. "ఎలా చెప్పాను అక్కా?"

"బోర్డు మీద గీతలు తిన్నగా గియ్యడం నేర్చుకో," అన్నాను. నా నోరు అలాంటిది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో కాగితాలు చూసే ఆవిడ నన్ను పిలిచింది. ముక్కు మీద కళ్ళద్దాలు, పక్కన ఫైళ్ళ దొంతర. నావి మూడు ఫారాలు బల్ల మీద పరిచింది. ఒకటి నాది, ఒకటి మా ఆయనది, ఒకటి మా అమ్మాయిది. వెంట వచ్చే కుటుంబ సభ్యుల్లో పద్నాలుగేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ తమ సొంత మాటల్లో రాయాల్సిన వాక్యం ఒకటి అందులో ఉంటుంది. నేను వెళ్ళాలనుకుంటున్నాను, లేదా వెళ్ళాలనుకోవడం లేదు, ఎందుకంటే, అని అచ్చువేసి, కింద నాలుగు గీతలు వదిలారు.

"మేడమ్, మూడూ మీ చేతిరాతే కదా?"

"సంతకాలు వాళ్ళవే."

"సంతకాలు వాళ్ళవే. రాత మీది."

మా అమ్మాయి గీతల మీద నేను రాసింది నాకే చదివి వినిపించింది. "ఎందుకంటే, నా తల్లి అడుగుజాడల్లో నడవాలన్నది, కొత్త దేశంలో ఉన్నత విద్య పొందాలన్నది నా చిరకాల ఆశయం."

బడిలో పరీక్షల ఫారాలొస్తే పిల్లలు తప్పులు రాస్తారని క్లాసు మొత్తానివీ నేనే నింపేదాన్ని. అరవై ఫారాలు ఒక్క పూటలో నింపి అవతల పడేసేదాన్ని. ఇంటివి రెండు ఫారాలు ఒక లెక్కా! సంతకం పెట్టమంటే మా ఆయన చదవకుండా పెట్టారు. అమ్మాయి చదివింది. చదివి, నా ముఖం వైపు చూసి, పెట్టింది. ఆ చూపు ఆఫీసావిడ బల్ల ముందు నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది.

ఆవిడ రెండు కొత్త ఫారాలు నా చేతిలో పెట్టింది. "ఇవి వాళ్ళ ఫోనుకు పంపండి. వాళ్ళనే రాసి ఫోటో తీసి పంపమనండి. రేపు మధ్యాహ్నం లోపు. ఇదొక్కటీ అయితే మీ క్వార్టరు ఖాయం."

మెట్ల దగ్గర బకెట్టు పక్కన నిలబడి ఫోన్ చేశాను. బయట వాన కురుస్తోంది. అమ్మాయి ఎత్తింది. ఫారం సంగతి చెప్పాను. ఏం రాయాలో చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"అమ్మా, నేను..." అంది.

చిరకాల ఆశయం నా నాలిక మీదే ఉంది. ఎందుకాగానో తెలియదు. డ్రైవరు చెయ్యి గాల్లో నిలబడ్డది కళ్ళ ముందుకొచ్చిందేమో. పళ్ళు బిగబట్టి ఒకటి అనుకున్నాను. రెండు. అవతల ఊపిరి వినిపిస్తోంది. అయిదు దగ్గర ఫోన్ కట్టయిందేమోనని తెర చూసుకున్నాను, కాలేదు. ఏడు. కన్నకూతురి మాట కోసం నిలబడ్డది ఆ పదిహేనేళ్ళలో అదే మొదటిసారని అప్పుడు తెలిసింది. పది దాటింది. లెక్క ఆపలేదు. పద్నాలుగు.

"నేను రాను."

మళ్ళీ ఆగాను. ఈసారి లెక్కపెట్టాల్సిన పని లేకపోయింది.

"సోమవారం నుంచీ చెప్దామనుకుంటున్నా. నువ్వు వెళ్ళమ్మా. నీకిష్టం కదా. నేను నాన్న దగ్గర ఉంటా." కాస్త తడబడి, దాచుకోలేనట్టు గబగబా చెప్పింది. "అమ్మా, నాన్న మాట్లాడుతున్నాడు తెలుసా? రోజూ అన్నం తింటూ ఏదో ఒకటి చెప్తున్నాడు. ఎప్పుడో ఆసుపత్రిలో సూది చూసి పారిపోయిన పోలీసాయన్ని నిన్న యాక్టింగ్ చేసి చూపించాడు. నాకు నవ్వి నవ్వి పొలమారింది. నాన్న అంత బాగా నవ్విస్తాడని నాకు తెలీనే తెలీదు."

నాకూ తెలీదు. పందొమ్మిదేళ్ళ కాపురంలో నేను ఆ పోలీసాయన కథ వినలేదు.

"నాన్నకివ్వు," అన్నాను.

ఆయన తీసుకున్నారు. "అదీ..." అన్నారు. ఆగాను. చాలాసేపే పట్టింది. "ఆ ల్యాబ్ పని నాకిష్టం," అన్నారు చివరికి. అంతే. దానికేం పొడిగింపు లేదు, క్షమాపణా లేదు.

"మరి ముందే చెప్పొచ్చు కదండీ!" అన్నాను. గొంతు పెరిగింది. మెట్లెక్కుతున్న బ్యాంకు మేనేజరు ఆగి చూశాడు.

ఎప్పుడు చెప్పనిచ్చావు అని ఇంకొకరైతే అనేవారు.

గదికెళ్ళి దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నవ్వులపిల్ల వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఏమైంది అక్కా అని అడగలేదు. నేనే చెప్పేదాకా కూర్చుంది. అరగంటో గంటో. ఆ పిల్లకు ఈ విద్య ఎవరు నేర్పారో అడగాలనుకున్నాను, అడగలేదు. అంతా చెప్పాక ముక్కు చీదుకుని, "ఇంట్లో వాళ్ళే నన్ను వద్దనుకున్నారు," అన్నాను.

"అలా అన్నారా అక్కా?"

వాళ్ళు అలా అనలేదు. ఆ వాక్యం కూడా నేనే పూర్తి చేశాను.

శనివారం పొద్దున రెండు ఫోటోలు వచ్చాయి. అమ్మాయి రాత వంకర, అచ్చం వాళ్ళ నాన్నది. నేను వెళ్ళాలనుకోవడం లేదు, ఎందుకంటే నాకు ఇక్కడ బాగుంది. మా ఆయన కూడా దాదాపు అదే రాశారు. నాలుగు గీతలిస్తే ఒక్కదానితో సరిపెట్టారు ఇద్దరూ. ఆఫీసావిడ వాటిని చూసి, నా వైపు చూడకుండా, ఒంటరిగా అన్న చోట టిక్కు పెట్టింది. క్వార్టరు పోయింది, హాస్టల్లో ఒక మంచం ఇస్తారట.

ఆఖరి డెమోలో డ్రైవర్ని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. అయినా అడిగాను. నిన్న మీరేం చేశారు? ఆయన లేచి, పైకి చూసి, నిదానంగా ఏదో వెతుక్కున్నాడు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గోళ్ళు అరచేతిలో దిగేలా బిగించి నిలబడ్డాను. పాఠం అయ్యేసరికి బోర్డు మీద మూడే వాక్యాలు, మూడింట్లోనూ తప్పులు. వెళ్ళేటప్పుడు డ్రైవరు గుమ్మం దగ్గర ఆగి, ఇంగ్లీషులోనే, "టీచర్, టుడే గుడ్," అన్నాడు. మర్యాదస్తుడు.

గడియారం స్టాప్‌వాచ్ చూసుకున్నాడు. "పదిహేడు నిమిషాలు మాట్లాడారు. అయినా ఎక్కువే," అని సంతకం పెట్టాడు. అప్పటికీ ఆ మనిషి మీద నాకు గౌరవం పుట్టలేదు. సరైన మాట చెప్పినంత మాత్రాన మనిషి నచ్చాలని ఎక్కడా లేదు.

వెళ్ళడం మానేయొచ్చు కదా అని మా అక్క అడిగింది. మానేసి ఇంట్లో కూర్చుంటే వారం తిరక్కుండా మళ్ళీ నేనే మాట్లాడతాను, వాళ్ళు మళ్ళీ ఊఁ కొడతారు. నా సంగతి నాకు తెలియదా? పైగా ఎర్ర సిరా ఆవిడ దగ్గరకు మళ్ళీ వెళ్ళేంత సిగ్గులేనిదాన్ని కాను.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో నా ప్రయాణం. బీరువాకూ కుట్టుమిషనుకూ అంటించిన చీటీలు నేనే పీకేశాను. ఒక చీటీ జిగురు గట్టిగా పట్టి, బీరువా తలుపు మీద తెల్లటి మచ్చ మిగిలిపోయింది. బయల్దేరేముందు ఇంట్లో ఉన్న పది రోజులూ అన్నం దగ్గర పోలీసాయన కథ వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు. నేనున్నాను కదా. నేను నోరు కట్టుకున్నా, మాట నా దగ్గర నుంచే మొదలవ్వాలన్నట్టు ఇద్దరూ నా వైపే చూసేవాళ్ళు.

విమానాశ్రయంలో అమ్మాయి నన్ను గట్టిగా పట్టుకుని, వదిలి, సంచీ సర్దింది. లోపలికి వెళ్ళేవాళ్ళ వరుస కదులుతోంది. మా ఆయన నా పెట్టె పిడి పట్టుకుని నిలబడ్డారు.

"అక్కడ..." అన్నారు.

మందులు వేళకు వేసుకో, చలికి స్వెట్టరు మర్చిపోకు, చేరగానే ఫోన్ చెయ్యి. ఆయన అనబోయేవన్నీ నాకు తెలుసు. పెదవులు బిగించి ఆగాను. లెక్కపెట్టాను. వెనకాల ఎవరో బండి తోసుకుంటూ తప్పుకోమన్నారు, తప్పుకున్నాను. ఆయన నేల చూస్తున్నారు. పదకొండో పన్నెండో దగ్గర తలెత్తారు.

"అక్కడ నీతో ఎవరు మాట్లాడతారు?"

ఎత్తిపొడుపు కాదు. ఆయనకు ఎత్తిపొడవడం రాదు. నిజంగా బెంగపడి అడిగారు.

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. గడియారం నా ముఖం ముందు చెంచా పట్టుకున్నప్పటిలాగే చెవులు వేడెక్కాయి. ఆయన తొందరపెట్టలేదు, మాట అందించలేదు. పెట్టె పిడి వదలకుండా, నా జవాబు కోసం ఆగారు. వరుస నన్ను గుమ్మం దాకా తోసుకొచ్చేదాకా అలాగే ఆగి ఉన్నారు.